పిలిస్తే వచ్చే సాయిల్ ఇంజనీరు కావాలె: పట్టణ పనులకు రెండేళ్ళ ఆన్‌కాల్ ఒప్పందం ఎట్ల రాయాలె?

విభాగం: పట్టణ పనులు (నల్గొండ, పాలమూరు, సూర్యాపేట, నాగర్‌కర్నూల్)

కొత్త_ఏఈ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. దక్షిణ తెలంగాణలో ఒక మున్సిపాలిటీలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీర్‌గా) చేస్తున్న. ఊరి పేరు రాయను, పని సంగతే రాస్త.

మా దగ్గర చిన్నవి పెద్దవి కలిపి ఇరవైకి పైగా పనులు నడుస్తున్నయి. సీసీ రోడ్లు, నాలా రిటైనింగ్ గోడలు, రెండు ఓవర్‌హెడ్ ట్యాంకులు, చెరువు కట్ట మీద నడకదారి, అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ. ఒక్కో పనికి సాయిల్ టెస్ట్ చేయించాలంటే ఒక్కో ఫైలు పుడుతుంది. కొటేషన్లు పిలవాలె, కంపారిటివ్ స్టేట్‌మెంట్ వెయ్యాలె, మంజూరు తేవాలె. నెలన్నర పోతుంది. అంతసేపు ఎవరూ ఆగరు. ఎస్టిమేట్‌లో "భూమి భార సామర్థ్యం చదరపు మీటరుకు 20 టన్నులు" అని ఒక అంకె వేసి ముందుకు పోతరు. నేను చేరిన కొత్తల ఈ 20 ఎక్కడిదని అడిగిన. పాత ఎస్టిమేట్‌లో ఉన్నదన్నరు. పాతది తీసి చూస్తే అది అంతకన్నా పాతదాంట్లకెళ్ళి వచ్చింది.

పోయిన వానకాలం మా నాలా గోడ 30 మీటర్ల పొడవున ముందుకు ఒరిగింది. కాయితంలో కింద మొరం. పునాదికి తవ్వితే నల్లరేగడి. తవ్విన రోజే నా కండ్ల ముందర కనబడ్డది. ముగ్గురు సాయిల్ ఇంజనీర్లకు ఫోన్ చేసిన. "వర్క్ ఆర్డర్ పంపండి సార్, రెండు రోజుల్ల వస్తం" అన్నరు. ఆర్డర్ నా చేతుల లేదు. కాంక్రీట్ మిక్సర్ బండి వీధి మొగల నిలబడి ఉన్నది. పోసేసినం. ఆ రోజు ఆపనందుకు నాకు ఇప్పటికీ మనసున పట్టదు.

నా ఆలోచన ఇది. ఒక్కసారి టెండర్ పిలిచి ఒక సంస్థను రెండేళ్ళకు పెట్టుకోవాలె. రేట్లు ముందే ఖాయం కావాలె. అవసరమైనప్పుడు పిలుస్తం, వచ్చినంతకే పైసలిస్తం. ఇది మన దగ్గర నడుస్తదా? ఎట్ల రాయాలె? అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.

రేగడి_నేల | సోమవారం, రాత్రి 10:25

తమ్మీ, మంచి ప్రశ్న వేసినవ్. నేను నల్గొండలో పద్దెనిమిదేండ్ల నుంచి సాయిల్ ఇన్వెస్టిగేషన్ పనే చేస్తున్న. నీకు ఆర్డర్ పంపమని చెప్పిన ముగ్గురిలో నేను లేను కాని, ఉన్నా అదే మాట అనేవాణ్ణి. ఆర్డర్ లేకుండ పోయిన పనులకు పైసలు రాక రిగ్గు డీజిల్ కూడా చేతినుంచి పెట్టుకున్న. ఒప్పందం లేకపోతే అటు నువ్వు ఆగలేవు, ఇటు నేను రాలేను.

అసలు మన నేల సంగతి తెలిస్తే పిలిస్తే వచ్చే మనిషి ఎందుకు కావాలో అర్థమైతది. గోదావరి డెల్టాలో ఒక బోరు వేసి వంద మీటర్ల దాక అంతే అనుకోవచ్చునేమో. ఇక్కడ గ్రానైట్, నైస్ (చారల రాయి) రాళ్ళ మీద ఊర్లు. పైన ఎర్ర చల్క, కింద మొరం, ఆ కింద సగం కుళ్ళిన రాయి, ఆ తర్వాత గట్టి రాయి. ఏ పొర ఎంత మందమో ఇరవై అడుగులకోసారి మారుతది. పల్లం జాగల్ల, పాత చెరువు శిఖంల రేగడి. అలంపూర్, గద్వాల వైపు పోతే రేగడి ఇంకా ఎక్కువ.

అన్నిటికన్నా మోసం చేసేది గుండు. ఒకసారి ట్యాంకు కోసం బోరు వేస్తున్నం. రెండున్నర మీటర్ల దగ్గర ఎస్‌పీటీ (నేల ఎంత గట్టిదో చూసే పరీక్ష) సుత్తి ఎగిరి పడ్డది, చొచ్చుకపోలే. అక్కడున్న సైట్ మనిషి "రాయి తగిలింది, ఆపేయండి, రాక్ అని రాయండి" అన్నడు. నేను డైమండ్ బిట్ పెట్టి కోర్ (రాయిని గుండ్రటి కడ్డీలాగ కోసి తీసేది) తీయిస్తనన్న. మీటరు ఇరవై సెంటీమీటర్లు ముద్దలాంటి గ్రానైట్ వచ్చింది. ఆ తర్వాత బిట్ జారి కిందికి పోయింది. మళ్ళీ మొరం! అది నేలల ఒంటిగ కూర్చున్న గుండు. దాని మీద ట్యాంకు ఒక కాలు, మిగతా కాళ్ళు మొరం మీద పెడితే ఏమైతదో చెప్పనక్కర్లేదు. అందుకే రాయి తగిలితే కనీసం మూడు మీటర్ల కోర్ తీస్తేనే నేను రాక్ అని సంతకం పెడత. మూడు మీటర్ల కోర్‌కు పైసలు ఎవరిస్తరన్నది నీ ఒప్పందంలో ముందే ఉండాలె. లేకపోతే ప్రతి గుండూ కాయితం మీద కొండైతది.

పాలమూరు_కాంట్రాక్టర్ | సోమవారం, రాత్రి 11:02

ఏఈ సార్, నేను కాంట్రాక్టర్ను. మమ్మల్ని తిట్టేటోళ్ళే అందరు గని ఈ విషయంల మా గోస కూడ వినుండ్రి.

డ్రైనేజీ కాల్వ తవ్వుతుంటే లొల్లి అంత ఒక్క దగ్గరనే. ఇది మామూలు మట్టా, హెచ్‌డీఆరా (కుళ్ళిన రాయి), ఎఫ్ అండ్ ఎఫ్ రాయా (పగుళ్ళున్న రాయి), బ్లాస్టింగ్ కావాల్సిన గట్టి రాయా? ఒక్కోదానికి ఒక్కో రేటు. ఎస్టిమేట్‌ల అంత హెచ్‌డీఆర్ అని రాసి ఉంటది. తవ్వితే ఇంటి గోడల పక్కన గట్టి రాయి. ఊరి నడుమ బ్లాస్టింగ్ చెయ్యనియ్యరు, చెయ్యొద్దు కూడ. బ్రేకర్ పెట్టి కొట్టాలె, లేకుంటే రంధ్రాలు పెట్టి ఉబ్బే మందు (పేలేది కాదు) పోసి పగలగొట్టాలె. రోజుకు నాలుగు మీటర్లు పోతది. బిల్లు దగ్గరికొస్తే "రాయి అని ఎవరు చెప్పిండ్రు?" అంటరు. అప్పటికి కాల్వ పూడ్చి పైన సీసీ పోసేసినం. యాడ చూపెడతం?

కాల్వ తెరిచి ఉన్నప్పుడు ఎవరన్న సాయిల్ ఇంజనీర్ వచ్చి చూసి, కొలిచి, ఫోటో తీసి, "ఇక్కడ్నుంచి ఇక్కడిదాక ఇది" అని రాసి పోతే నాకు సంతోషమే. నాకు నష్టం వచ్చినా సరే, ఒక మాట మీద నిలబడతది.

రిటైర్డ్_డీఈ | మంగళవారం, ఉదయం 6:15

కొత్త ఏఈ గారూ, ముప్పై రెండేళ్ళు సర్వీసు చేశాను. మీ ప్రతిపాదన మన నిబంధనలకు కొత్తది కాదు. సరుకు కొనుగోలులో రేట్ కాంట్రాక్ట్ అనేది ఎప్పటి నుంచో ఉంది. సేవలకు ఎంపానెల్‌మెంట్ (అర్హులైన సంస్థలను ముందే జాబితాలో పెట్టుకోవడం) ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో కన్సల్టెన్సీ సేవలను నాణ్యత, ధర రెండూ కలిపి చూసి ఎంచుకునే పద్ధతి స్పష్టంగా ఉంది. మీ రాష్ట్ర ఉత్తర్వులు, మీ ఆడిట్ పరిధి చూసుకుని మీ ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) గారితో మాట్లాడండి.

ఒక జాగ్రత్త చెబుతాను. ఎల్-1 పద్ధతిలో, అంటే తక్కువ ధర వేసినవాడికే ఇచ్చే పద్ధతిలో, మీటరు బోరింగు రేటు ఒక్కటే చూసి సంస్థను తీసుకోవద్దు. మీటరు రేటు తక్కువ వేసినవాడు ఎక్కడో ఒకచోట ఆ డబ్బు రాబట్టుకుంటాడు. ఎక్కువగా రాబట్టేది అసలు బోరు వేయకుండానే. నేను ఒకసారి ఒక నివేదిక తెరిచాను. మన జిల్లా స్థలానికి ఇచ్చినది. భూగర్భజల మట్టం, పొరల వివరాలు, ఎన్ విలువలు (ఎస్‌పీటీ సుత్తి దెబ్బల లెక్క) అన్నీ చక్కగా ఉన్నాయి. పదకొండో పేజీలో మాత్రం మరో జిల్లా పట్టణం పేరు మిగిలిపోయింది. ఆ నివేదికతో అప్పటికే రెండంతస్తుల భవనం పునాది పోశారు. నేను ఫైలు మీద రాసిన నోటు అప్పట్లో చాలామందికి నచ్చలేదు. ఆ భవనం పక్కగా పోయినప్పుడల్లా ఇప్పటికీ తలెత్తి స్తంభాల వైపు చూస్తాను.

మట్టి_ల్యాబ్ | మంగళవారం, ఉదయం 8:50

డీఈ సార్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను ల్యాబ్‌ల పనిచేస్తున్న. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్. శాంపిల్ మా టేబుల్ మీదికి వచ్చే వరకే సగం కథ అయిపోయి ఉంటది. కవర్ మీద బోరు నంబర్ ఉండదు, లోతు ఉండదు, తేమ ఆరిపోయి ఉంటది. "మేడమ్, తొందరగా రిపోర్ట్ ఇయ్యుండ్రి" అంటరు. దేనికియ్యాలె?

రేగడిని పట్టుకునే పరీక్ష ఎంత చిన్నదో ఏఈ అన్నలు ఒక్కసారి వచ్చి చూడాలె. ఎండబెట్టి 425 మైక్రాన్ జల్లెడ పట్టిన మట్టి పది గ్రాములు ఒక గాజు సిలిండర్ల పోస్తం. ఇంకో పది గ్రాములు ఇంకో సిలిండర్ల. ఒకదాంట్ల నీళ్ళు, ఇంకోదాంట్ల కిరోసిన్. కలిపి, బుడగలు పోయినంక 24 గంటలు కదిలించకుండ పెడతం. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే కిరోసిన్‌ల మట్టి పది మిల్లీలీటర్ల గీత కాడ బుద్ధిగ కూర్చొని ఉంటది. నీళ్ళల్ల మట్టి ఇరవై గీత దాటి ఉబ్బి ఉంటది. గాజుకు అంటుకొని, మెత్తగ, చూస్తుంటే ఇంక పెరుగుతదేమో అనిపిస్తది. అంటే వంద శాతం ఉబ్బినట్టు. జాతీయ రహదారుల స్పెసిఫికేషన్ల యాభై శాతం దాటితే ఆ మట్టి కట్టకు పనికిరాదు. ఈ పరీక్ష ఎట్ల చెయ్యాలో ఐఎస్ (భారత ప్రమాణం) 2720, నలభయ్యో భాగంల ఉన్నది.

ఇంత సులువు పరీక్షకు ఒక్క రాత్రి చాలు. ఆ గోడ ఒరిగేది కాదన్నా.

మా తాత నాగార్జునసాగర్ కట్టకు మట్టి పనికి పోయిండు. గడ్డపార నేలల దించి చప్పుడు వినేది. పిడికెడు మట్టి తడిపి వేళ్ళ నడుమ పిసికి, దారంలాగ చేసి "ఇది పగులుతది బిడ్డా" అనేది. నేను కాలేజీల ప్లాస్టిక్ లిమిట్ పరీక్ష చేసిన రోజు, మూడు మిల్లీమీటర్ల దారం చేస్తుంటే తాత చెయ్యే యాదికొచ్చింది.

డాలస్_దేవరకొండ | మంగళవారం, ఉదయం 10:30

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో ఒక నగరపాలక సంస్థకు పనిచేసే కన్సల్టెన్సీలో ఉన్నాను. ఏఈ గారు అడిగినది ఇక్కడ రోజువారీ వ్యవహారం, కాబట్టి ఇక్కడ ఎలా నడుస్తుందో రాస్తాను. అక్కడ ఏది పనికొస్తుందో మీరే తేల్చండి.

నగరం ముందుగా అర్హత పత్రాలు పిలుస్తుంది. అందులో ధర ఉండదు. టెక్సస్ చట్టం ప్రకారం ఇంజనీరింగ్ సేవలకు ధర బట్టి పోటీ పెట్టకూడదు. ఎవరికి అనుభవం ఉంది, ఎవరి దగ్గర రిగ్గులు, ల్యాబు, మనుషులు ఉన్నారో చూసి ఎంచుకుంటారు. ఆ తర్వాత రేట్ల పట్టిక మీద మాట్లాడుకుంటారు. ఫెడరల్ పనులకు 1972 నుంచి ఇలాంటి చట్టమే ఉంది. ఒక సంస్థను కాదు, తరచూ రెండు మూడింటిని పెట్టుకుంటారు. కొన్నేళ్ళకు ఒకే మాతృ ఒప్పందం. పని వచ్చినప్పుడల్లా రెండు మూడు పేజీల టాస్క్ ఆర్డర్: ఏం చేయాలి, ఎప్పటికి ఇవ్వాలి, ఎంతకు మించకూడదు. ఆ చివరి అంకె చాలా ముఖ్యం. గంట రేటు, మీటరు రేటు ఎంత ఉన్నా ఆ గరిష్ఠం దాటాలంటే ముందు నగరం ఒప్పుకోవాలి.

రోడ్డు పనిలో మట్టి బిగింపు చూడడానికి, పైలు దిగేటప్పుడు నిలబడి చూడడానికి, గోడ పునాది గుంట తెరిచినప్పుడు చూడడానికి కూడా అదే ఒప్పందం కింద పిలుస్తారు. అంటే డిజైన్ ముందు బోర్లు వేసిన మనిషే తవ్వినప్పుడూ వచ్చి తను చెప్పింది నిజమో కాదో చూస్తాడు. నాకు బాగా నచ్చిన సంగతి అదే.

ఇంకో సంగతి. డాలస్ చుట్టుపక్కల నేల కూడా ఉబ్బే నల్ల బంకమట్టే. హ్యూస్టన్ బ్లాక్ అని దానికి పేరు, టెక్సస్ రాష్ట్ర మట్టి అదే. మొదటిసారి సైట్‌లో ఎండకు నోళ్ళు తెరిచిన ఆ నేల చూసి మా చేను గట్టు మీద నిలబడ్డట్టే ఉండింది.

కాలనీ_కార్యదర్శి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను ఇంజనీర్‌ను కాదు. మా కాలనీ ఒకప్పటి చెరువు శిఖం పక్కన ఉంటది. రోడ్డు వేసిన రెండో ఎండాకాలానికే సీసీ పలకలు నడుమ బీటలిచ్చినయి. వానకాలం ఆ బీటల్లకెళ్ళి నీళ్ళు దిగి పలక లేస్తది. మొన్న ఒక పెద్దమ్మ కాలు తట్టి పడితే తుంటి విరిగింది. మాకు ఎవరిని అడగాలో కూడ తెలవదు. రోడ్డు వేసేటప్పుడు మట్టి టెస్ట్ చేసిండ్రా అని కాలనీ వాళ్ళం అడగొచ్చా?

రేగడి_నేల | మంగళవారం, మధ్యాహ్నం 2:05

అన్నా, తప్పకుండ అడగొచ్చు. సమాచార హక్కు కింద కూడ అడగొచ్చు. "సీబీఆర్ (రోడ్డు కింది నేల ఎంత బరువు ఆపుతదో చెప్పే అంకె) ఎంత?" అని ఒక్క మాట అడుగుండ్రి. మట్టిని నాలుగు రోజులు నీళ్ళల్ల నానబెట్టి చేస్తరు ఆ పరీక్ష. రేగడికి రెండు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ వస్తది. మంచి మొరానికి పది పైన వస్తది. రెండు వచ్చిన నేల మీద సీసీ నేరుగ పోస్తే మీ పలక లాగనే అయితది. రేగడిని కొంత తీసి, ఉబ్బని మొరం పొర వేసి, నీళ్ళు చల్లి, రోలర్ ఎక్కించి, పక్కన కాల్వ చేసి నీళ్ళు కిందికి పోకుండ చూడాలె. లేదంటే సున్నం కలపాలె. పలక మందం పెంచినంత మాత్రాన ఆ నేల ఊకోదు.

పెద్దమ్మ జల్ది కోలుకోవాలె.

కొత్త_ఏఈ | మంగళవారం, రాత్రి 9:10

పొద్దున్నుంచి ఆఫీసుల ఉండి ఇప్పుడే అన్నీ చదివిన. అందరికి పేరు పేరున దండాలు.

డాలస్ అన్న చెప్పిన టాస్క్ ఆర్డర్ నాకు బాగ పనికొస్తది. ఒక ముసాయిదా రాసిన. పిలుపులు మూడు రకాలు. ప్రమాదం అనుకుంటే, అంటే కాల్వ గోడ జారినా, గుంటల నీళ్ళు ఊరినా, అదే రోజు ఇంజనీర్ సైట్‌కు రావాలె. పునాది గుంట చూడనీకి రెండు పని దినాలు. కొత్త పనికి బోర్లు, రిపోర్ట్ కలిపి మూడు వారాలు. రిగ్గు రవాణా, మట్టిల మీటరు, రాయిల మీటరు, ఒక్కో ఎస్‌పీటీ, ఒక్కో ల్యాబ్ పరీక్ష, ఇంజనీర్ ఒక రోజు సైట్‌కు వస్తే, అన్నిటికీ వేరు వేరు రేటు. రాయి తగిలితే మూడు మీటర్ల కోర్ తప్పనిసరి, దానికి మళ్ళీ అనుమతి అక్కర్లేదు.

ఒక్కటి తేలడం లేదు. ఫోన్‌ల పిలవొచ్చని పెడితే ఆడిట్‌ల ఎట్ల?

రిటైర్డ్_డీఈ | బుధవారం, ఉదయం 6:05

ఫోన్‌లో పిలవండి, 24 గంటల్లో ఈ-మెయిల్ ద్వారా ధ్రువీకరించండి. ఏఈకి ఇంత మొత్తం వరకు, డీఈకి ఇంత వరకు అని అధికార పరిమితి ఒప్పందంలోనే రాయండి. కమిషనర్ గారి ఆమోదం ఒక్కసారి మొత్తానికి తీసుకుంటే చాలు. పిలుపుల రిజిస్టర్ ఒకటి పెట్టండి. ఎన్ని గంటలకు పిలిచారు, ఎన్ని గంటలకు వచ్చారు, ఏం చెప్పారు, మీరేం చేశారు. చివరి గడి ఖాళీగా ఉంచొద్దు. సలహా తీసుకుని పాటించకపోతే ఎందుకు పాటించలేదో రాయాల్సి వస్తుంది. ఆ గడి వల్లనే చాలా పనులు నిలబడతాయి.

ఇంకా ముఖ్యమైనది: ఈ సంస్థకు డబ్బు మున్సిపాలిటీయే నేరుగా చెల్లించాలి. కాంట్రాక్టర్ ద్వారా చెల్లించే పద్ధతి పెట్టారా, మొత్తం పోయినట్టే. అదే ఊర్లో కాంట్రాక్టర్లకు ఆ రెండేళ్ళు ఆ సంస్థ పని చేయకూడదని కూడా రాయండి.

పాలమూరు_కాంట్రాక్టర్ | బుధవారం, ఉదయం 7:30

డీఈ సార్ మాటకు నేను కాంట్రాక్టర్‌నై ఒప్పుకుంటున్న. మాతోని పైసలు ఇప్పిస్తే, మాట కూడ మాదే కావాలంటరు కొందరు.

రెండేండ్ల కింద నా పక్క ప్యాకేజీల, నా పని కాదు, పది అడుగుల కాల్వల మట్టి విరిగి పడ్డది. ఇద్దరు కూలీలు నడుము దాక కూరుకపోయిండ్రు. చేతులతోని తవ్వి తీసినం. బతికిండ్రు. వాళ్ళది మా మక్తల్ దిక్కే. పాలమూరోళ్ళు దేశమంత కాల్వలు, కట్టలు తవ్విండ్రు, ఇయ్యాల సొంత జిల్లాల కాల్వల పూడిపోవాల్నా? 2025 ఫిబ్రవరి 22 నాడు దోమలపెంట కాడ ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ) సొరంగంల ఎనిమిది మంది చిక్కుకున్నప్పటి నుంచి మా కూలీల ఇండ్లల్ల ఆడోళ్ళు "కాల్వ లోతెంత?" అని ఫోన్‌ల అడుగుతున్నరు. సొరంగం లెక్క వేరే, తెలుసు. గని వాళ్ళ భయం వేరే కాదు.

రేగడి_నేల | బుధవారం, ఉదయం 9:15

అన్న చెప్పిన కాల్వ సంగతి ఒప్పందంలో మొదటి పేజీకి రావాలె. ఐఎస్ 3764 ప్రకారం మట్టిలో మీటరున్నర లోతు దాటిన కాల్వకు పక్కలు బల్లలతో ఆపాలె, లేదా వాలుగ తవ్వాలె. మన మొరం తవ్వినప్పుడు గోడలాగ నిటారుగ నిలబడుతది. అదే నమ్మకం ప్రాణం తీస్తది. రెండు రోజుల ఎండకు ఆరి, మూడో నాడు వాన పడి, పక్కన తవ్విన మట్టి కుప్ప బరువు, బ్రేకర్ అదురు అన్నీ కలిస్తే ఒక్కసారిగ విరుగుతది. ముందు చెప్పదు. పాత కుళాయి లైన్ కోసం ఒకసారి తవ్వి పూడ్చిన జాగ పక్కన అయితే ఇంకా తొందరగ.

పిలిచినప్పుడు వచ్చే ఇంజనీర్‌కు పని ఆపించే అధికారం ఇయ్యకపోయినా, "మనుషుల్ని పైకి ఎక్కించండి" అని చెప్పే అధికారం మాత్రం రాసియ్యాలె.

ఎన్ విలువల మోసం గురించి కూడ చెప్త. ఎస్‌పీటీ అంటే 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలె. మొత్తం 45 సెంటీమీటర్లు దిగుతది, మొదటి 15 లెక్కల తీసుకోరు, తర్వాతి 30కి ఎన్ని దెబ్బలో అదే ఎన్. ఏఈ పక్కన నిలబడి దెబ్బలు ఎంచితే మా పిల్లలు కూడ సక్కగ ఎంచుతరు. ప్రతి మీటరున్నరకు లాగ్ షీట్ మీద ఏఈ సంతకం, లొకేషన్ ఉన్న ఫోటో, కోర్ బాక్సులు పని అయ్యేదాక మున్సిపాలిటీ గోదాముల. ఇది రాసుకో. నాకు కూడ ఇదే రక్షణ.

కేసింగ్_లెక్కలు | బుధవారం, రాత్రి 8:40

నమస్తే అన్నలు, అక్కలు. నాది బోరు బండి. మంచినీళ్ళ బోర్లు వేస్త. మీరు మాట్లాడే బోరు వేరే అని చదివినంక అర్థమైంది, గని ఒక మాట చెప్పాలనిపించింది.

మా దగ్గర ప్రతి బోరుకు కేసింగ్ ఎన్ని ఫీట్లు పడ్డదో రాస్తం, దాని మీదనే బిల్లు. మట్టి, మొరం కూలకుండ ఆపేదే కేసింగ్. గట్టి రాయి వచ్చినంక అది ఆగుతది. పన్నెండేండ్ల డైరీలు ఉన్నయి నా దగ్గర. ఏ గల్లీల రాయి ఎంత లోతుల ఉన్నదో అండ్లనే ఉన్నట్టు గదా? పనికొస్తదా మీకు?

రేగడి_నేల | బుధవారం, రాత్రి 8:52

తమ్మీ, బంగారం. ఆ డైరీలు చినగనియ్యకు.

ఏఈ తమ్మీ, కేసింగ్ లోతు ఎస్‌పీటీకి బదులు కాదు. మెత్తదనం ఎంతో అది చెప్పదు, గుండుకూ రాయికీ తేడా చెప్పదు. కాని బోర్లు ఎక్కడ వెయ్యాలో చెప్తది. కేసింగ్ సమానంగ పడ్డ గల్లీల రెండు బోర్లు చాలు, ఎగుడుదిగుడుగ పడ్డ చోట నాలుగు వెయ్యాలె. ఒప్పందం మొదటి నెలల సంస్థ చెయ్యాల్సిన పనిగ ఊరి పటం మీద ఈ లెక్కలన్నీ ఎక్కించాలని రాయి. తర్వాత వేసే ప్రతి బోరూ అదే పటం మీదికి ఎక్కాలె. పటం మున్సిపాలిటీది, సంస్థది కాదు. రెండేండ్లకు సంస్థ మారినా పటం ఉంటది.

మట్టి_ల్యాబ్ | బుధవారం, రాత్రి 9:20

అన్నా, శాంపిల్ కవర్ మీద బోరు నంబర్, లోతు, తారీఖు లేకుంటే ల్యాబ్ తిప్పి పంపొచ్చని కూడ ఒక్క లైన్ రాయుండ్రి. మాకు వద్దని చెప్పే ధైర్యం కాయితంలకెళ్ళి రావాలె.

కొత్త_ఏఈ | బుధవారం, రాత్రి 10:45

అన్నీ ఎక్కించిన. మా డీఈ సార్‌కు ఇవాళ మౌఖికంగ చెప్పిన, ముసాయిదా తెమ్మన్నరు. ఒకటి కాదు, రెండు సంస్థల్ని పెట్టుకుందామన్నరు, ఒకరు రాకపోతే ఇంకొకరని.

కేసింగ్ అన్నా, కొత్త ట్యాంకు కట్టే కాలనీ పేరు నీకు విడిగ మెసేజ్ పెట్టిన. ఆ చుట్టుపక్కల నువ్వు వేసిన బోర్ల లెక్క ఉంటే చెప్తవా?

కేసింగ్_లెక్కలు | గురువారం, ఉదయం 7:05

డైరీ తీసిన సార్. ఆ గల్లీల నావి ఏడు బోర్లు. రోడ్డు అటు చివరకెళ్ళి వరుసగ చెప్త: 22 ఫీట్లు, 20, 24, 18. ఆ తర్వాత పార్కు జాగ పక్కన 85. మళ్ళ 26, 21. ఆ 85 వేసిన నాడు నాకు బాగ యాదికున్నది, కేసింగ్ పైపులు అయిపోతే రాత్రి పదకొండింటికి ఇంకో బండికెళ్ళి తెప్పిచ్చిన. ఎందుకట్ల పడ్డదో ఇప్పటికీ తెలవదు. నీళ్ళు మాత్రం మస్తు పడ్డయి.

రేగడి_నేల | గురువారం, ఉదయం 7:30

రెండు పక్కల ఇరవై అడుగుల్లనే రాయి ఉండి నడుమ 85 అంటే, రాయి చీలిక వెంబడి లోతు దాక కుళ్ళిన పట్టీ అయ్యుంటది. నీళ్ళు మస్తు పడ్డది కూడ అందుకే. ఆ పట్టీ ఎటు నుంచి ఎటు పోతుందో తెలవాలె. ఏఈ తమ్మీ, ట్యాంకు ఎక్కడ వస్తుంది?

కొత్త_ఏఈ | గురువారం, ఉదయం 7:34

పార్కు జాగలనే అన్నా. మొన్న ముగ్గు పోసినం.

రేగడి_నేల | గురువారం, ఉదయం 7:36

ఎన్ని బోర్లు పెట్టిండ్రు ఎస్టిమేట్‌ల?

కొత్త_ఏఈ | గురువారం, ఉదయం 7:41

ఒకటి. నడుమల. డీఈ సార్‌తోని ఇప్పుడే మాట్లాడిన, గుంట తవ్వుడు ఆపమన్నరు. నాలుగు కాళ్ళ కింద నాలుగు, నడుమ ఒకటి, మొత్తం ఐదింటికి ఫైలు పెడుతున్న. ఒప్పందం ఇంక కాలేదు కాబట్టి ఈసారికి నెలన్నర పట్టినా సరే, ఆగుతం.